పిల్లల సైజు పట్టీ

మా ఇంటి ముందు గదిలో రెండు బల్లలుంటాయి. కిటికీ దగ్గరున్నది మా ఆయనది, గోడ వైపున్నది నాది. ఆయన బల్ల మీద ఎప్పుడు చూసినా పొట్ట విప్పిన బీపీ మిషన్లు నాలుగైదు పడుంటాయి. చుట్టుపక్కల క్లినిక్కులన్నీ చెడిపోయిన మిషన్లను ఆయన దగ్గరికే పంపుతాయి. నా బల్ల మీద కుట్టు మిషను. చేతికి చుట్టి గాలి కొట్టే గుడ్డ పట్టీ ఉంటుంది చూడండి, దాన్ని కుట్టేది నేను. లోపలి రబ్బరు తిత్తి కదలకుండా, గాలి నిండినప్పుడు కుట్లు పిగలకుండా కుట్టడమంటే దుప్పటి అంచు మడిచినంత తేలిక కాదు. పన్నెండేళ్లుగా కుడుతున్నాను. కుట్టు ఊడిందని ఇంతవరకు ఒక్క పట్టీ వెనక్కి రాలేదు. ఈ మాట గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెబుతుంటే నా నోరు నాకే చేదుగా ఉంటోంది.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన మిషనును ముందు పాదరసం గొట్టానికి కలిపి, రెండింటి అంకెలూ ఒకటేనా అని చూస్తాడు. అంతటితో వదలడు. గొట్టంలో రక్తం ఉండదు కదా, చివరికి చూడాల్సింది మనిషి చేతి మీదే అంటాడు. పెద్దల సైజు పట్టీకైతే నా చెయ్యో, పక్కింటివాళ్ల చెయ్యో దొరుకుతుంది. పిల్లల సైజు పట్టీకి పిల్లల చెయ్యే కావాలి. పిల్లల క్లినిక్కు ఒకటి మా దగ్గర పట్టీలు కుట్టించుకోవడం మొదలుపెట్టాక, ఆ చెయ్యి మా గువ్వది అయింది.

గువ్వ మాకు ఒక్కగానొక్క కూతురు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది కానీ ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. అప్పటికి దానికి ఆరేళ్లు నిండాయి. బడి నుంచి రాగానే సంచి మూలకి విసిరేసి, నాన్న బల్ల దగ్గర స్టూలెక్కి, చెయ్యి చాపి, “కొట్టు నాన్నా గాలి” అనేది. పట్టీ ఉబ్బి చెయ్యి బిగుసుకుంటుంటే కళ్లు పెద్దవి చేసుకుని చూసేది.

మొదటిసారి నూట నలభై రెండు వచ్చింది. ఆ ఈడు పిల్లకి నూరో, నూట అయిదో ఉండాలి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆయన మిషను వైపు చూశాడు, పాదరసం గొట్టం వైపు చూశాడు, ఆఖరికి నా వైపు చూశాడు.

“ఏమోయ్, పట్టీ సన్నంగా కుట్టావు.”

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. చేతికి తగినంత వెడల్పు లేని పట్టీ చుడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వెడల్పు ఎక్కువైతే తక్కువ చూపిస్తుంది. మా పనిలో ఇవి ఓనమాలు. ఇంకెవరింట్లోనైనా ఆరేళ్ల పిల్లకి నూట నలభై వస్తే, తల్లీ తండ్రీ కాళ్లూ చేతులూ ఆడక డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. మేం పరిగెత్తలేదు. మాకు ఓనమాలు వచ్చు మరి.

“కొలత క్లినిక్కువాళ్లు ఇచ్చిందే. కావాలంటే స్కేలు పెట్టి చూసుకోండి,” అన్నాను.

“స్కేలుతో నాకేం పని? అంకె చెబుతోందిగా.”

“అంకె చెప్పేది మీ మిషను. దాని కడుపులో ఏం మర్చిపోయి మూశారో ముందు అది చూసుకోండి.”

గువ్వ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి కిసుక్కున నవ్వింది. అప్పట్లో అది మాకు ఆటలాగే ఉండేది. నేను కుట్లు విప్పి, అర అంగుళం పెంచి మళ్లీ కుట్టాను. నూట ముప్పై ఎనిమిదికి దిగింది. ఆయనకి ఏనుగెక్కినంత సంబరం. జేబులో ఉండే చిన్న పుస్తకం తీసి, తేదీ వేసి, వచ్చిన అంకె రాసి, పక్కన ‘పట్టీ లోపం’ అని రాసుకున్నాడు. ఏ మిషను చూసినా అలా రాసుకోవడం ఆయనకి అలవాటు.

ఆ ఏడు గడిచేసరికి అది ఆటగా మిగల్లేదు. నేను ఎంత పెంచి కుట్టినా నూట ముప్పై అయిదుకి తగ్గేది కాదు, ఒక్కోరోజు నూట యాభై దాకా పోయేది. ఆయనకి అసలే ముక్కు మీద కోపం. ఓ రోజు దారం నాసిరకం అనేవాడు, ఓ రోజు గుడ్డ సాగిపోతోంది అనేవాడు. నేనేం తక్కువ తిన్నానా? కత్తెర బల్ల మీద పడేసి, “మీ కళ్లజోడు నాసిరకం,” అనేదాన్ని. ఇదంతా స్టూలు మీద చెయ్యి చాపుకుని కూర్చున్న పిల్ల ముందే. అది నవ్వడం ఎప్పుడు మానేసిందో నాకు గుర్తు లేదు. గుర్తుండాల్సింది.

దాని బడి బట్టలు కూడా నేనే కుట్టేదాన్ని. ఏడో ఏడు కొలతలు తీస్తే భుజాలూ ఛాతీ ఏపుగా పెరిగాయి, తొడల దగ్గర మాత్రం నిరుటి కొలతే. నడుము దగ్గర ఎలాస్టిక్ వేసి ఊరుకున్నాను. పక్కలోకి వచ్చి పాదాలు నా పొట్టకి ఆనిస్తే చల్లగా తగిలి ఉలిక్కిపడేదాన్ని. “ఎక్కడివే ఈ కప్పలు, అవతల పారెయ్,” అని కసిరేదాన్ని. అది పకపకా నవ్వి ఇంకా గట్టిగా ఆనించేది. పరిగెత్తితే పిక్కలు లాగుతున్నాయనేది. అప్పుడప్పుడూ తలనొప్పి అనేది. బడికి డుమ్మా కొట్టడానికి వేషాలనుకున్నాను. ముక్కలు కలపడమే పనిగా బతుకుతున్నదాన్ని, ఇవన్నీ ఎదురుగా పడున్నా కలపలేకపోయాను.

ఒక సాయంత్రం వరసగా మూడు పట్టీలకి నూట నలభై ఎనిమిది వచ్చింది. ఆయన మూడోదాన్ని గువ్వ చేతి మీంచి పర్రున లాగి నా బల్ల మీదికి విసిరాడు.

“నీ చేతిలో పనితనం పోయింది. రేపటి నుంచి ఇంకెవరితోనైనా కుట్టించుకుంటా.”

తిట్టినా పడేదాన్నేమో. పనితనం పోయిందంటే మాత్రం నా గుండెలో కలుక్కుమంది. ఆ రోజూ మర్నాడూ మా మధ్య మాటల్లేవు. పిల్లే మాటలు మోసింది. “నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది.” “అమ్మా, నాన్న తర్వాత తింటానంటున్నాడు.” రెండడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరిగేది. దాని మొహం చిన్నబోయి ఉండటం చూశాను. చూసి కూడా బెట్టు దిగలేదు. తప్పు ఆయనది కదా, ముందు ఆయనే మాట్లాడాలి అనుకున్నాను.

మూడోరోజు గువ్వ బళ్లో పడి, కుడి మోచెయ్యి దోక్కుని, దానికి మందుపట్టీ వేయించుకుని వచ్చింది. ఆయన ముభావంగానే కొత్త పట్టీ తీసి చుట్టి గాలి కొట్టాడు. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని డయలు వైపే చూస్తున్నవాడు ఒక్కసారిగా తలెత్తాడు.

“నూట నాలుగు!”

మళ్లీ కొట్టాడు. నూట నాలుగే. లేచి వచ్చి, అంత మనిషీ నా స్టూలు పక్కన గొంతుక్కూర్చుని, “నీ చెయ్యి బంగారం కదే,” అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. గువ్వ మమ్మల్నే చూస్తోంది. ఆ సాయంత్రం ముగ్గురం నది ఒడ్డుకి నడిచి వెళ్లాం. సగం దూరం పోయాక గువ్వ కాళ్లు నొప్పులంటే ఆయన భుజాల మీద ఎక్కించుకున్నాడు. పాటలు కూడా పాడాడు, ఆ గొంతుతో.

ఆ తర్వాత అన్నీ మంచి అంకెలే. నూట రెండు, నూట అయిదు, నూట నాలుగు. వెలుతురు కళ్లలో పడుతోందని గువ్వ తన స్టూలును బల్లకి అవతలి పక్కకి మార్చుకుంది. ఆయన దాని గురించి ఆలోచించనే లేదు. కళ్లు డయలు మీదే పెట్టే మనిషి, అందిన చేతికి చుట్టేవాడు. నేను ఆ చివరి కొలతే ఖాయం చేసుకుని, అదే వెడల్పుతో ముప్పై నాలుగు పట్టీలు కుట్టి పిల్లల క్లినిక్కుకి పంపాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఏడెనిమిది నెలలు మేం ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు.

ఆ నెలల్లోనే దాని ముక్కు నుంచి రక్తం రావడం మొదలైంది. ఒకసారి అన్నం కంచంలో బొట్లు బొట్లుగా పడింది. ఆ పిల్లల క్లినిక్కుకే తీసుకెళ్లాం. నర్సు గోడకున్న పట్టీ తీసిందో లేదో, అంచు కుట్టు చూసి అది నాదేనని గుర్తుపట్టాను. మోచేత్తో ఆయన్ని పొడిచి చూపించాను. గువ్వ అడక్కుండానే చెయ్యి చాపింది. నర్సు మెచ్చుకుంది. “నూట ఒకటి. బంగారంలా ఉంది.” డాక్టరు ఎండల వల్ల అలా అవుతుంది, నీళ్లు బాగా తాగించండి అన్నాడు. మా పట్టీ, మా పిల్ల, మంచి అంకె. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

నెల తిరక్కుండా ఒక పొద్దున బడి నుంచి ఫోనొచ్చింది. పరుగు పందెం మధ్యలో గువ్వ తల పట్టుకుని కూలబడిందట. మేం వెళ్లేసరికి ఆటల మాస్టారు దాన్ని నీడలో పడుకోబెట్టి ఉన్నారు. స్పృహ ఉంది కానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. “కాళ్లు మొద్దుబారాయమ్మా,” అంది. మాస్టారే కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడ చూసింది ఒక పెద్ద వయసు డాక్టరమ్మ. మాటలు తక్కువ. గువ్వ రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని చూసింది. తర్వాత తొడ మొదట్లో రెండు వేళ్లు ఆనించి, గోడకేసి చూస్తూ అలాగే ఉండిపోయింది. నాడి వెతుకుతోంది. ఎంతసేపటికీ వేళ్లు తియ్యదు. రెండో పక్కా వెతికి, మిషను తెప్పించి, రెండు చేతులకీ రెండు కాళ్లకీ తనే చుట్టి చూసింది.

“కుడి చేతిలో నూట యాభై ఎనిమిది. ఎడమ చేతిలో నూట ఆరు. కాళ్లలో ఎనభై అయిదు.”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. “డాక్టరమ్మా, ఏమీ అనుకోకండి. మీ పట్టీ కాస్త సన్నంగా ఉన్నట్టుంది.”

ఆవిడ కాగితం తీసుకుని స్కానింగుకి రాసింది.

మధ్యాహ్నానికి ఫిలిములు వచ్చాయి. వాటిని వెలుతురుకి పెట్టి మాకు అర్థమయ్యేలా చెప్పింది. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఉంటుంది, బృహద్ధమని అంటారు. అది పైకి లేచి, తలకీ చేతులకీ కొమ్మలు వేసి, కిందికి తిరుగుతుంది. మా గువ్వకి సరిగ్గా ఎడమ చేతి కొమ్మ దగ్గర ఆ నాళం సన్నంగా నొక్కుకుపోయి ఉంది. పుట్టుకతోనే అంతట. ఆ ఇరుకు దాటించడానికి గుండె రోజురోజుకీ మరింత గట్టిగా కొట్టుకుంటోంది. ఇరుకుకి ముందున్న తలలో, కుడి చేతిలో ఒత్తిడి పెరిగిపోతోంది. ఆ నొక్కు వల్ల ఎడమ చేతికీ, తర్వాతున్న కాళ్లకీ చాలీచాలని రక్తం అందుతోంది.

“గుండె గోడ మందమైపోయింది. ఇది నిన్నామొన్నా అయింది కాదు. ఇంతకు ముందు పాపకి ఎప్పుడైనా బీపీ చూశారా?”

మా ఆయన జేబులోంచి పుస్తకం తీసిచ్చాడు. డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ల తేదీలు. నూట నలభై రెండు, నూట ముప్పై ఎనిమిది, నూట యాభై. పక్కన ‘పట్టీ లోపం’, ‘దారం’, ‘మళ్లీ కుట్టాలి’. తిప్పుతున్న కొద్దీ ఆవిడ వేలు నెమ్మదించింది.

“ఇంత వివరంగా ఏ పిల్లకీ రికార్డు ఉండదు. ఇవన్నీ మీ అమ్మాయివేనా?”

“పాపవి కావండీ,” అన్నాడాయన. “మిషన్లవి.”

అని, తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడు విన్నాడు.

డాక్టరమ్మ ఇంకా పుస్తకంలోనే ఉంది. “ఇక్కడి నుంచి ఉన్నట్టుండి నూట నాలుగుకి దిగింది. ఏం మందు వాడారు?”

“మందేం లేదండీ. ఈవిడ కుట్టు మార్చింది.”

“కుట్టు కాదు నాన్నా.” మంచం మీంచి గువ్వ అంది. నిద్రపోతోందనుకున్నాం. “నేనే చెయ్యి మార్చాను.”

ముగ్గురం దాని వైపు తిరిగాం. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, దొంగతనం చేసి దొరికిపోయినట్టు చూస్తోంది.

“ఈ మోచెయ్యి దోక్కుపోయిందని ఆ రోజు ఎడం చెయ్యి ఇచ్చాను కదా. నువ్వు నవ్వావు. అమ్మతో మాట్లాడావు. అందుకని రోజూ అదే ఇచ్చాను. ఈ చెయ్యి ఇస్తే మీరు పోట్లాడుకుంటారు.”

“క్లినిక్కులో?” అన్నాను.

“అక్కడా అదే ఇచ్చాను. వాళ్లు అమ్మ పట్టీ బాలేదంటారని.”

“ఎప్పట్నుంచి తల్లీ?” అని అడిగాడు ఆయన. అడగాల్సిన పని లేదు. తేదీ ఆయన చేతిరాతతోనే ఉంది.

నేను డాక్టరమ్మ కొంగు పట్టుకున్నంత పని చేశాను. మొదట్లోనే తెచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పమన్నాను. ఆవిడ చెప్పడానికి ఇష్టపడలేదు. నేను వదల్లేదు.

“నాళాన్ని ఆపరేషన్ చేసి సరిచేస్తాం. అది మా చేతిలో పని. కానీ ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన ఒళ్లు, ఆ తర్వాత దారికొస్తుందో రాదో చెప్పలేం. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. తలలో రక్తనాళాలు చిట్లే ప్రమాదం ఒకటి ఉంటుంది. అదే నా భయం.”

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. ఇరుకు ముక్క కోసి తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. గువ్వ బతికింది. మూడోరోజు ఐసీయూలో దాని పాదాలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. నేను వాటిని పట్టుకుని ఎంత ఏడ్చానో, నర్సు వచ్చి బయటికి పంపేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇది జరిగి తొమ్మిది నెలలు. ఒత్తిడి పూర్తిగా దిగలేదు. రెండు రకాల మాత్రలు వేస్తున్నాం, అయినా కుడి చేతిలో నూట ఇరవై ఎనిమిది, ఒక్కోరోజు నూట ముప్పై నాలుగు. వెడల్పు ఎక్కువై, ఉన్నదానికంటే తక్కువ అంకె చూపించే నా పట్టీలు ముప్పై నాలుగూ క్లినిక్కు నుంచి అడిగి వెనక్కి తెప్పించుకుని కాల్చేశాను. ఆ ఏడెనిమిది నెలల్లో వాటిని ఎంతమంది పిల్లల చేతులకి చుట్టారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు మా ఇంట్లో గొంతు పెంచేవాళ్లు లేరు. ఆయనా నేనూ ఒకరికొకరు అతిథుల్లా మాట్లాడుకుంటాం. గువ్వ అన్నీ గమనిస్తూనే ఉంటుంది. అంకె వచ్చేటప్పుడు అది డయలు వైపు చూడదు, మా మొహాలు చూస్తుంది.

అంకెతో నాకిప్పుడు భయం లేదు. చెయ్యి నేనే చూసి పట్టుకుంటాను, అంకెని ఎవరూ మోసం చెయ్యలేరు. డాక్టరమ్మ మొదటి నుంచీ చెబుతున్నది ఇంకొకటి. “తలనొప్పి అందంటే ఒక్క నిమిషం ఆగకండి, నా దగ్గరికి తీసుకొచ్చెయ్యండి.” అది పిల్ల నోటితో చెప్పాల్సిన మాట. ఆ నోరు మేం ఎలా తయారుచేశామో ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు.

ఇవాళ పొద్దున లెక్కలు చేసుకుంటూ కణత మీద చెయ్యి పెట్టుకుని కనిపించింది. నేను గదిలోకి అడుగు పెట్టగానే ఆ చెయ్యి పుస్తకం మీదికి దిగిపోయింది.

“తల నొస్తోందా అమ్మా?”

“లేదమ్మా.”

“నిజం చెప్పు. ఎవరూ ఏమీ అనరు.”

“నిజంగా లేదమ్మా.” నవ్వింది. మంచి నవ్వు, ఏ తల్లైనా నమ్మే నవ్వు.

మా ఆయన వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అడక్కుండానే టాక్సీకి ఫోన్ చేశాడు. ఈ నెలలో ఆసుపత్రికి ఇది అయిదోసారి. నాలుగుసార్లూ ఏమీ లేదనే అన్నారు, నాలుగుసార్లూ గువ్వ మా మొహాలు చూసి, ఊరికే కంగారు పడ్డారు కదా అంది. మేం అలా కంగారు పడ్డ ప్రతిసారీ, ఇంకోసారి నొప్పొస్తే ఇంకాస్త జాగ్రత్తగా దాచిపెడుతుందేమోనని నాకు భయం.

టాక్సీలో నా ఒళ్లో తల పెట్టుకుంది. “మీరిద్దరూ ఎందుకు ఊరికే భయపడతారు? నాకేం లేదు,” అంటూ కళ్లు మూసుకుంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మొహం మీద పడుతోంది. ఎండకి మూసుకుందో, నొప్పికి మూసుకుందో తెలియదు. అడిగితే ఏం చెబుతుందో మాత్రం తెలుసు, అందుకే అడగలేదు.